దానయ్య పేరుకు పలికినవాడు

ఎవరి కోసం ఇది

అమ్మనో నాన్ననో పోగొట్టుకున్న పిల్లలను వారానికొకసారి ఒకచోట కూర్చోబెట్టి, వాళ్ల మాట వాళ్ల చేత చెప్పించే పనిలోకి ఇప్పుడు కుర్రవాళ్లు వస్తున్నారు. సంతోషం. వాళ్లలో కొందరు బరంపురంలో మా ఇంటికి వచ్చి, ఇన్నేళ్లు చేశారు కదా, నేర్చుకున్నదేదో రాసిపెట్టండి అన్నారు. జీతం లేని పనికి పదవీ విరమణ కూడా ఉండదనుకునేవాణ్ణి. తుఫాను షెల్టరు మెట్లు ఎక్కలేని రోజు వచ్చింది, మానేశాను.

నా బతుకుతెరువు గేట్ బజార్లో ఒక బట్టల కొట్లో గుమస్తా పని. పదో తరగతి దాటలేదు. కానీ కొట్టు మూయగానే గ్రంథాలయానికి వెళ్లి, దీపాలు ఆర్పేదాకా చదివేవాణ్ణి. తెలుగు అల్మరా అయిపోయింది. తర్వాత ఒడియా. తర్వాత నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు. పిల్లల మనసు గురించి, చావు గురించి పెద్ద పెద్ద చదువుల వాళ్లు రాసినవి ఒక గుమస్తా చదవడం చూసి అక్కడి అధికారి మొదట నవ్వేవాడు, తర్వాత నాకోసం పుస్తకాలు తీసిపెట్టేవాడు. ఈ విషయంలో నాకు గర్వం ఉంది, దాచుకోను.

ఒక పెద్ద తుఫాను తర్వాత, సముద్రపు ఒడ్డు పల్లెల్లో పిల్లలతో తెలుగులో మాట్లాడగలిగినవాళ్లు కావాలని ఒక డాక్టరమ్మ ఆ గ్రంథాలయంలో అడిగింది. అధికారి నన్ను చూపించాడు. అలా ఆర్యపల్లికి వెళ్లాను. కొట్టుకు సెలవు వచ్చిన ప్రతి రోజూ వెళ్లాను.

పని ఎలా జరిగేది

ఆర్యపల్లి తుఫాను షెల్టరు స్తంభాల మీద కట్టిన భవనం. పైన ఒక పెద్ద గది. కిందినుంచి గాలి, ఇసుక, అలల చప్పుడు. పిల్లలు గుండ్రంగా కూర్చునేవారు. కొట్లో మిగిలిన ముక్కగుడ్డలు ఒక బుట్టలో తీసుకెళ్లేవాణ్ణి. మాట్లాడాలనిపించినవాడు మాట్లాడతాడు. అనిపించనివాడు గుడ్డ తీసుకుని ముడులు వేస్తాడు, చింపుతాడు, నములుతాడు. ఏమీ అనకూడదు. చేతికి పని ఉంటే నోటికి ధైర్యం వస్తుందని నేను పుస్తకాల్లో చదివాను. అది నిజమేనని అక్కడ చూశాను.

ఒక బాగా చదువుకున్న అమ్మాయి కొన్నాళ్లు నాకు సాయంగా వచ్చింది. తల్లి జ్వరంతో పోయిన ఒక పిల్లవాడితో, దేవుడికి మీ అమ్మంటే ఇష్టం, అందుకే తీసుకెళ్లాడని చెప్పింది. ఆ వారం నుంచి వాడు గుడి ఉన్న వీధిలో నడవడం మానేశాడు. దేవుడి కంట పడితే తానూ నచ్చుతానేమోనని భయం. పిల్లలకు అందమైన అబద్ధం చెప్పకండి. వాళ్లు దాన్ని పూర్తిగా నమ్మి, చివరిదాకా లెక్క వేసుకుంటారు.

ఇంకొకటి. ఆ గుండ్రంలో పిల్లలు ఎప్పుడూ ఒకచోట ఖాళీ వదిలేవారు. దగ్గరగా జరగమని నేను అనబోతే ఒక పిల్ల, "అది ఆళ్లకి, తాతా" అంది. ఎవరికని అడగలేదు. డాక్టరమ్మకు చెబితే, నమ్మే పని లేదు, కాదనే పని అంతకన్నా లేదు, పిల్ల ఎక్కడ నిలబడిందో అక్కడికి వెళ్లి నిలబడు చాలు అంది. నా పై అధికారుల్లో, బట్టల కొట్టు యజమానులను కూడా కలుపుకుని, నాకు పనికొచ్చే మాట చెప్పింది ఆవిడే.

పిలుపు

ఇప్పుడు నూకాలు సంగతి చెబుతాను. మిగతా కేసులు మీరు పుస్తకాల్లో చదువుకోవచ్చు. ఇది ఏ పుస్తకంలోనూ దొరకదు, నేను వెతికాను.

నూకాలు తండ్రి దానయ్య. కార్తీకంలో, దీపావళి అమావాస్య దాటాక, ఫైబరు పడవ మీద వేటకు వెళ్లాడు. తోడు ఒక కూలివాడు. గాలి లేచింది. మిగతా పడవలు తిరిగివచ్చాయి, అది రాలేదు.

ఒడ్డున శవం కొట్టుకురాకపోతే ఏం చేస్తారో మిగతా ఊళ్ల సంగతి నాకు తెలియదు. ఆర్యపల్లి జాలరిపేటలో చేసేది ఇది. పున్నమి దాటనివ్వరు. పున్నమి నాడు, చంద్రుడు నీళ్లలోంచి లేస్తున్నప్పుడు, పోయినవాడి సొంత బిడ్డ కొత్త ముంత పట్టుకుని మోకాలి లోతు నీళ్లలోకి వెళుతుంది. ముంతను నీటి మీద పక్కకు వంచి పట్టుకుని, ఎన్నడూ నోట పలకని తండ్రి పేరు పెట్టి, ఇంటికి రమ్మని పిలుస్తుంది. ఒక్క అలకు ముంత దానంతట అదే నిండితే, ఆయన పలికినట్టు. మూతికి గుడ్డతో వాసెన కట్టి, వెనక్కి చూడకుండా, మాట్లాడకుండా ఇంటికి తీసుకొచ్చి మూల దించుతారు. ఆ రోజు నుంచి ఆయన ఇంటి పెద్ద. సాయంత్రం దీపం పెట్టి, ఒక కంచం పెడతారు. పిలుపు అందనివాడు నీళ్ల మీదే తిరుగుతూ ఇతరుల పిల్లలను పిలుస్తాడని వాళ్ల భయం.

నూకాలుకు అప్పుడు తొమ్మిదేళ్లు ఉంటాయి. ఒడ్డున నేనూ నిలబడ్డాను. సన్నటి గొంతు. "దానయ్యా, ఇంటికి రా." అల ఏమంత పెద్దది కాదు. కానీ ముంత నిండింది, బరువుకు ఆ పిల్ల చేతులు కిందికి దిగాయి. పక్కనున్న ఆడవాళ్లు ఊపిరి వదలడం వినిపించింది.

కూలివాణ్ణి పిలవడానికి ఎవరూ లేరు. అతని ఊరేదో పేటలో ఎవరికీ తెలియదు. లోపలి ఊళ్ల వాళ్లను అక్కడ పైనోళ్లంటారు. పైనోడు, పనికొచ్చాడు, పోయాడు. అంతే.

మూలనున్నవాడు

ఆ పిల్ల మా గుండ్రంలోకి వచ్చింది. ఏడవలేదు. తన పక్కన ఖాళీ వదిలి కూర్చుని, ఇంట్లో మూలనున్న అయ్య సంగతులు చెప్పేది. దుఃఖంలో ఉన్న పిల్లలు పోయినవాళ్లతో మాట్లాడుకోవడం మామూలేనని నాకు తెలుసు. ఆపలేదు.

ఒకరోజు మాత్రం నాకు వింతగా అనిపించింది.

"మా అయ్య ఇప్పుడు సేప తినడు, తాతా" అంది. "కంచం ఎట్టితే అలాగే ఉంచీస్తన్నాడు. సోడంబలి అడుగుతన్నాడు."

గుండ్రంలో ఒక పెద్ద పిల్లవాడు నవ్వాడు. "మీ అయ్య సేప తినకపోడమేటే? ముల్లు కూడా వొదిలీవోడు కాడు."

"ఇప్పుడు తినడు. ఆసన పడదట."

వాళ్ల ఇంట్లో చోళ్లు, అంటే రాగులు, వండరు. ఆ పిల్ల ఎవరింటినుంచో పిండి అడిగి తెచ్చి, అంబలి కాచి మూల పెట్టడం మొదలుపెట్టింది. తల్లి పోలమ్మ చూస్తూ ఊరుకుంది. ఎండాకాలం వచ్చింది, వెళ్లింది. ముంత తేలికపడలేదని పోలమ్మ ఒకసారి నాతో అంది. మూల చెమ్మగా ఉండి ఉంటుందన్నాను. ఆవిడ నా ముఖం చూసి, గోడ తట్టి చూపించింది. పొడిగా ఉంది.

బయటున్నవాడు

ఆషాఢంలో, వాన వెలిసిన ఒక మధ్యాహ్నం, దానయ్య బస్సు దిగి నడిచి వచ్చాడు.

జరిగింది మామూలు సంగతే. ఇంజను చెడిపోయి పడవ కొట్టుకుపోయింది, పక్క దేశం నీళ్లలో తేలింది. అక్కడివాళ్లు జైల్లో పెట్టారు, నెలల తర్వాత వదిలారు. వదిలినవాళ్ల జాబితాలో ఇతని పేరు ఒడ్డుకు చేరే లోపే మనిషే చేరాడు. బక్కచిక్కి, గడ్డం పెరిగి, ఎండకు కమిలిపోయి ఉన్నాడు.

పేటలో ఎవరూ ఎదురు వెళ్లలేదు. పిల్లలు మాత్రం దూరంగా వెనక నడిచారు. ఎందుకని తర్వాత అడిగితే, తడి ఇసుకలో అడుగులు పడుతున్నాయో లేదో చూశామన్నారు. పడ్డాయట. "గాని లోతుగా పడనేదు, తాతా" అన్నాడు ఒకడు.

ఇంటి గుమ్మం దగ్గర కులపెద్ద ఎర్రయ్య అడ్డం నిలబడ్డాడు. చెడ్డవాడు కాడు, దానయ్యకు స్వయానా మేనమామ. కన్నీళ్లు తుడుచుకుంటూనే అడ్డుపడ్డాడు. ఒక ఇంట్లో ఒక పేరుకు ఒకడే ఉండాలి, లోపల ఉన్నాయన ఆ పేరు మీద వచ్చాడు, ముందు ఆయన్ను పంపాలి, పిలిచిన బిడ్డే పంపాలి, ఆ తర్వాత నిన్ను కొత్తగా పుట్టినవాణ్ణి చేసి లోపలికి తీసుకుంటాం అన్నాడు. ముంతను ఒడ్డుకు తీసుకెళ్లి నీళ్లు పారబోస్తే సరిపోతుంది. చిన్న పని.

నూకాలు ఒప్పుకోలేదు.

అరవలేదు, ఏడవలేదు. ముంతకు అడ్డంగా కూర్చుంది. తల్లి చెప్పింది, ఎర్రయ్య చెప్పాడు, కొట్టబోయారు కూడా. కదల్లేదు. దానయ్యను ఒడ్డునున్న వలల పాకలో ఉంచారు.

పోలమ్మ షెల్టరుకు వచ్చి నా ఎదుట కూలబడింది. "మాస్టారూ, నాను ఇద్దరికి కూడెడతన్నాను. పాకలో ఉన్నోడు తినటం నేదు, మూలనున్నోడికి తినే నోరు నేదు. ఎవుడు నా పెనివిటో నాకే తెల్డం నేదు."

పాకకు వెళ్లి దానయ్యను చూశాను. వలలకు ఆనుకుని కూర్చున్నాడు. చేతులు తిప్పి తిప్పి చూసుకుంటూ అడిగాడు.

"నాను నిజింగా వొచ్చినానా, మాస్టారూ?"

వచ్చావన్నాను. భుజం మీద చేయి వేశాను. చల్లగా ఉంది, వాన రోజులు కదా.

"ఈ పున్నమి దాకా సూస్తాను" అన్నాడు. "మా పిల్ల రానియ్యకపోతే ఎల్లిపోతాను. సచ్చినోడు ఊల్లో ఎన్నాల్లుంటాడు?"

ఎక్కడికి వెళతావని అడగలేదు. అతను పాక గుమ్మంలోంచి నీళ్లవైపు చూస్తున్నాడు.

గుండ్రం చెదిరింది

ఈలోగా నా పని పాడైపోయింది. పోయినవాళ్లు రారన్నది ఆ పిల్లలకు మెల్లమెల్లగా, నెలల తరబడి, అర్థమవుతూ వచ్చింది. ఇప్పుడు ఒకడు వచ్చాడు. ఆ వారం పిల్లలంతా నూకాలు చుట్టూ చేరి, ఏం చేస్తే వచ్చాడని అడిగారు. తండ్రి పాము కరిచి పోతే, చితి మీద కాలడం కళ్లారా చూసిన అన్నదమ్ములిద్దరు కూడా అడిగారు. కొందరు సాయంత్రాలు ఒడ్డుకు వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టారు. ఎవరి చేతిలో చూసినా నా ముక్కగుడ్డలే, వాసెన కట్టడానికి.

నూకాలు వాళ్లకు జవాబు చెప్పలేదు. నాతో మాత్రం అంది. "ఆ బయటున్నాయన బానే ఉన్నాడు తాతా. కాళ్లున్నాయి, నడుస్తన్నాడు. లోనున్నోడికే ఎవులూ నేరు. నాను పిలిస్తే గదా వొచ్చినాడు. ఇప్పుడు ఎలిపోమంటే ఎక్కడికెల్తాడు?"

ఆ పిల్ల అడిగింది సరైన ప్రశ్న. దానయ్య బతికి ఉంటే, ఆ రోజు ఆ పేరుకు ముంతలోకి వచ్చిందెవరు?

నేను గ్రంథాలయానికి పరిగెత్తాను. తండ్రి తిరిగి వస్తే గుర్తుపట్టని పిల్లల గురించి ఉంది. యుద్ధాల నుంచి వచ్చిన తండ్రుల గురించి ఉంది. ముంత గురించి లేదు. డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ముంతలో ఎవరున్నారన్నది నాకు తెలియదు, నీకూ తెలియదు, ఆ పిల్ల తనకు తెలుసంటోంది, అయితే తననే అడగాలి కదా అంది. ఎవరున్నారని కాదు, అతనికి ఏం కావాలని అడుగు అని కూడా చెప్పింది.

మీరు ఈ పనిలో ఒకే ప్రశ్న గుర్తుపెట్టుకోదలిస్తే దాన్ని పెట్టుకోండి. నమ్మకంతో తగువు పడకండి. దానికేం కావాలో కనుక్కోండి.

తర్వాతి వారం అందరి ముందూ అడిగాను. నూకాలు ఆలోచించింది, ముడి వేస్తున్న గుడ్డ ఒళ్లో పెట్టుకుని.

"ఆడి పేరు కావాల" అంది. "మా అయ్య పేరెట్టి పిలిస్తే ఇప్పుడు పలకటం నేదు. ఆ బయటున్నాయన ఒచ్చిన కాణ్నించీ."

"పేరు ఎవరికి తెలుస్తుంది?"

ఆ పిల్ల చూపుడు వేలు కిటికీ వైపు తిప్పింది. అటు వలల పాక ఉంది.

షెల్టరు మెట్ల మీద

పిల్లల గుండ్రంలోకి పెద్దవాళ్లు రాకూడదన్నది నేను పెట్టుకున్న నియమం. ఆ రోజు దాన్ని పక్కన పెట్టాను. షెల్టరు ఎవరి ఇల్లూ కాదు కనుక ఎర్రయ్యకు అభ్యంతరం లేదు. దానయ్య పై మెట్టు దాకా వచ్చి, గుమ్మానికి ఇవతలే కూర్చున్నాడు. పిల్లలు కదలకుండా ఉన్నారు. కింద సముద్రం పెద్దగా మోగుతోంది.

నూకాలు అతని ముఖం చూడలేదు. అతని పాదాలు చూస్తూ అడిగింది.

"నాను పిలిసినప్పుడు నువ్వెక్కడున్నావు?"

అతను ఉలిక్కిపడ్డాడు. కొట్టుకుపోతున్న పడవ మీద ఏం జరిగిందో అప్పటిదాకా అతను ఎవరికీ చెప్పలేదు. పెళ్లానికి కూడా.

"నడి సంద్రంలో."

"నీకినిపించిందా?"

తల ఊపాడు. "పున్నమి. సెందురుడు లెగుస్తన్నాడు. నీళ్ల మీంచి వొచ్చింది. నీ గొంతుకే. నా పేరే."

"మరి పలకనేదేం?"

"పలక్కూడదు. నడి సంద్రంలో పేరెట్టి పిలిస్తే, ఎవులి గొంతుకైనా సరే, పలక్కూడదని మా తాత సెప్పినాడు. నోరు మూసుకుని పడుకున్నాను." అతని గొంతు తగ్గింది. "ఆడికి తెల్దు గదా, పైనోడు. అప్పటికే ఆడికి తెలివి సరిగా నేదు. నాను పచ్చి సేప కోసుకుని తిన్నాను, ఆడు తిననేదు. సేప ఆసనే పడదు ఆడికి. సోడంబలి, సోడంబలి అని కలవరించీవోడు. నువ్వు పిలవగానే లెగిసి కూకున్నాడు. 'ఓయ్, వొస్తన్నా' అన్నాడు. నా పేరుకి ఆడు పలికినాడు. తెల్లారి సూస్తే పేణం నేదు."

నూకాలు మూల పెడుతూ వచ్చిన అంబలి నాకు గుర్తొచ్చింది. ఆకలితో, దాహంతో ఉన్నవాడికి లేని గొంతులు వినిపిస్తాయని చదివాను. దానయ్యకు వినిపించిన పిలుపుకు అది సరిపోతుంది. నూకాలు ఆ కూలివాణ్ణి ఒడ్డున ఎప్పుడైనా చూసి ఉంటుందనీ, చేప వద్దనడం విని ఉంటుందనీ అనుకోవచ్చు. ఎప్పుడూ చూడలేదని ఆ పిల్ల అంటుంది. ఈ లెక్క నాకు ఇప్పటికీ కుదరలేదు. కుదిరినట్టు మీకు చెప్పను.

"ఆడి పేరేటి?"

"సింహాచలం."

"పిల్లలున్నారా?"

"ఒక పిల్ల. పార్వతి." సరిహద్దు దగ్గర జీడితోటల పక్కనున్న ఊరి పేరు చెప్పాడు. సూరత్‌లో మగ్గాల పనికి వెళ్లి, అక్కడ ఒళ్లు చిక్కి, చేతిలో ఏమీ లేకుండా తిరిగొచ్చాడట. ఉత్త చేతులతో ఇంటికి వెళ్లలేక, నాలుగు రోజులు వేటకు వెళ్లి ఏదైనా సంపాదించుకుని వెళదామనుకున్నాడు. ఇంట్లోవాళ్లకు అతను ఇంకా సూరత్‌లోనే ఉన్నాడు.

నూకాలు లేచింది. "అయితే ఆళ్లింటికి అట్టుకెల్లాల" అంది.

బస్సులో

ఎర్రయ్య రాత్రంతా ఆలోచించి ఒప్పుకున్నాడు. పిలిచిన బిడ్డ పారబోయకుండా అప్పగించడం అతను విననిదే. కానీ తప్పని చెప్పేవాళ్లు కూడా ఎవరూ లేరు. నియమం ఒకటే పెట్టాడు. ముంత ఇల్లు దాటింది మొదలు ఇంకొక ఇంటికి చేరే దాకా ఆ పిల్ల మాట్లాడకూడదు, వెనక్కి చూడకూడదు.

మర్నాడు పొద్దున్నే బయలుదేరాం. నూకాలు, నేను, దానయ్య. దారి, కబురు రెండూ అతనికే తెలుసు కనుక అతను రాక తప్పదు. ఎప్పుడూ నాలుగు బారల వెనకే నడిచాడు. ఆ పిల్ల వెనక్కి చూడకూడదు, కనుక చూడలేదు. బరంపురంలో బస్సు మారి, సరిహద్దు వైపు వెళ్లే బస్సెక్కాం. నూకాలు కిటికీ పక్కన, ముంత ఒళ్లో. దానయ్య ఆఖరి సీటులో.

కండక్టరు వచ్చి, "కెతే జొణొ?" అన్నాడు. ఎంతమంది అని. నేను చెప్పేలోగా నూకాలు వేళ్లు చూపించింది. మేమున్నదానికి ఒకటి ఎక్కువ. కండక్టరు ముందుకీ వెనక్కీ చూశాడు. నేను ఆ ఎక్కువ టికెట్టు కూడా తీసుకున్నాను. అతను ఏదో గొణుక్కుని, ముంతవైపు చూసి, దూరంగా జరిగి నిలబడ్డాడు. దిగేదాకా మా ముందు సీటు ఖాళీగానే ఉంది. బస్సు నిండా జనం నిలబడి ఉన్నా ఎవరూ కూర్చోలేదు.

దారంతా వాన తుంపర, వరినాట్లు, నీళ్లు నిండిన మళ్లు. నేను మనసులో మాటలు కూర్చుకుంటున్నాను. పోయాడు, వెళ్లిపోయాడు అనకూడదు. చనిపోయాడనాలి. ఎలాగో చెప్పాలి, ఎక్కడో చెప్పాలి. అడిగినదానికే జవాబు చెప్పాలి. పుస్తకాల్లో ఉన్నవన్నీ. అవి తప్పు కాదు. ఎన్నోసార్లు నన్ను గట్టెక్కించాయి.

ముంత దించిన చోట

సింహాచలం ఇల్లు ఊరి చివర. అరుగు మీద ఒక ఏడేళ్ల పిల్ల మేకపిల్లకు ఆకులు పెడుతోంది. ఎవరో పొలానికి పరిగెత్తి తల్లిని పిలుచుకొచ్చారు. పేరు పైడమ్మ. మోకాళ్ల దాకా మడి బురద.

దానయ్య వాకిట్లో నిలబడి చెప్పాడు. అతను చెప్పినట్టు చెప్పడం నేను ఇంకెవరి దగ్గరా వినలేదు. ఏమీ దాచలేదు, ఏమీ పెంచలేదు. మీ ఆయన చనిపోయాడు, సూరత్‌లో కాదు సముద్రంలో, నేను పక్కనే ఉన్నాను, నా చేతులతో నీళ్లలోకి దించాను. నేను కూర్చుకున్న మాటలు అక్కర్లేకపోయాయి.

పైడమ్మ ఏడవలేదు. "సూరత్తు నుంచి ఫోను సేస్తానన్నాడు" అంది ఒక్కసారి. తర్వాత అరుగుకు ఆనుకుని కిందికి జారిపోయింది. చుట్టూ చేరిన ఆడవాళ్లు పట్టుకున్నారు.

పార్వతి ఇదంతా వింది. మేకపిల్లను వదిలింది. నూకాలు వెళ్లి పక్కన కూర్చుని, ముంతను ఆ పిల్ల ఒళ్లో పెట్టింది. పొద్దుటినుంచి మూసుకున్న నోరు అప్పుడు తెరిచింది.

"మీ అయ్య ఇందులో ఉన్నాడు. నాను మా అయ్యని పిలిస్తే తెలీక మా ఇంటికొచ్చీసినాడు. ఇప్పుడు నువ్వు పిలవాల."

పార్వతి ముంతను పట్టుకుని, దాని బరువు చూసింది. "అంబలి తిన్నాడా?" అంది.

"రోజూ ఎట్టినాను."

"ఏటని పిలవాల?"

"పేరెట్టి."

పార్వతికి తండ్రి పేరు తెలియదు. ఆ పిల్లకు అతను అయ్యే. తల్లి వైపు చూసింది. పైడమ్మ తల అడ్డంగా ఊపింది, మొగుడి పేరు నోట పలకదు. నాకు తెలుసు ఆ పేరు. నాలుక చివర దాకా వచ్చింది, మింగేశాను. పిల్ల చేయాల్సిన పని పెద్దవాడు చేయకూడదు. నూకాలు వంగి, పార్వతి చెవిలో చెప్పింది.

పార్వతి వాసెన మీదికి మూతి ఆనించింది. పిట్ట గొంతు.

"సింహాచలం. ఇంటికి రా."

గాలి ఆగింది. నా పక్కనున్న దానయ్య ఊపిరి గట్టిగా పీల్చాడు. తిరిగి చూశాను. అతని కళ్లు ఆ వాకిలిని చూడటం లేదు. ఎక్కడో నీళ్ల మీద ఉన్నాయి. మెడ ముందుకు సాగింది, పెదవులు విడ్డాయి, గొంతులో ఒక శబ్దం కదిలి పైకి వస్తోంది. 'ఓయ్'లోని 'ఓ' అన్నంత మటుకు నా చెవిన పడింది.

నూకాలు అరుగు మీంచి దూకింది. అతను వచ్చిన నాటినుంచి అతన్ని తాకని పిల్ల, పరిగెత్తి అతని మీద పడి, మోకాళ్ల మీదికి లాగి, రెండు చేతులూ అతని నోటికి అడ్డం పెట్టి నొక్కింది.

"పలక్కు" అంది. "నిన్ను కాదయ్యా. నిన్ను కాదు."

ఆ పిల్ల వేళ్ల సందుల్లోంచి అతని ఊపిరి బుసలా వస్తోంది. కళ్లు మెల్లగా నీళ్ల మీంచి తిరిగి వచ్చి, ఎదురుగా ఉన్న ముఖం మీద ఆగాయి.

పార్వతి ముంతను ఎత్తుకుని, గడప దాటి, లోపల మూల దించేదాకా నూకాలు ఆ చేతులు తీయలేదు.